పేర్లు చదవని దర్యాప్తు

"ఫోను ఎన్ని గంటలకు వచ్చిందమ్మా?"

"సోమవారం పొద్దుగాల, సార్. పదీ నలభైకి. మా సేటు పని చూసి మెట్లు దిగంగనే మోగింది. అందుకే టైము యాదికున్నది."

"అతను మొట్టమొదట అన్న మాట ఏమిటి? ఉన్నదున్నట్టు చెప్పండి. మీకు చిన్నదనిపించినా వదిలెయ్యకండి."

సుగుణమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. ఆమెకు యాభై రెండేళ్లు. శాలిబండలో ఒక కార్ఖానాలో చీరల మీద జరీ పని చేస్తుంది. ఆమెకు హెచ్‌ఐవీ ఉందని తేలి సరిగ్గా నెల అయింది. అక్కడి హెచ్‌ఐవీ పరీక్ష కేంద్రంలో, మేడ మీది గదిలో ఎదురుగా కూర్చున్న గోపాలకృష్ణమూర్తి నెమ్మదిగా, తొందర లేని గొంతుతో అడుగుతున్నాడు. క్రైమ్ బ్రాంచిలో ఇన్‌స్పెక్టరుగా రిటైరై ఐదేళ్లయిన మనిషి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల వివరాలు బయటపడితే ఫిర్యాదు వినడానికి చట్టం ఒక అంబుడ్స్‌మన్‌ను పెట్టింది. ఆ అంబుడ్స్‌మన్ తరఫున విచారణ చేయడానికి నిన్న సాయంత్రమే మూర్తికి ఉత్తర్వు అందింది.

"'సగుణమ్మగారేనా' అన్నడు" అంది ఆమె. "సగుణమ్మ కాదు, సుగుణమ్మ అన్న. 'అవునవును సగుణమ్మగారూ, మీ రిపోర్టు మా దగ్గరున్నది' అన్నడు. మళ్ల గట్లనే పిలిచిండు. పాణం మీదికొచ్చే ముచ్చట చెప్పెటోనికి పేరన్న సక్కగ పలుకుడు రాదా అని మస్తు కోపమొచ్చింది."

మూర్తి రాస్తున్నవాడల్లా పెన్ను ఆపాడు.

"రెండుసార్లూ సగుణమ్మ అనే అన్నాడా?"

"రెండుసార్లు కాదు, నాలుగుసార్లు."

"తర్వాత?"

"సర్కారు గోళీలు ఆపమన్నడు. గవి తిన్నన్ని దినాలు లిస్టుల పేరు ఉంటదంట. లిస్టు బయటికొస్తే కార్ఖానాల ఎవ్వరు రానియ్యరు అన్నడు. వాళ్ల మూలికల పొడి వాడితే రోగం పోతది, పేరు గూడ తీపిస్తం అన్నడు."

"ఆపారా?"

ఆమె తల వంచుకుంది. "ఒక్క పూట ఆపిన. తెల్లారి అమల మేడం దగ్గరికి ఉరికొచ్చిన. నా పేరు మీరు రాసుకోవచ్చు సార్. నాకు ఫికర్ లేదు. మిగిలినోళ్ల సంగతి నాకు ఎర్కలేదు."

సోమ, మంగళవారాల్లో ఆ కేంద్రానికి వచ్చే నలుగురికి అలాంటి ఫోన్లు వెళ్లాయి. సుగుణమ్మ కాక ఇద్దరు మాత్రలు పూర్తిగా మానేశారు. మిగిలిన ముగ్గురి పేర్లు మూర్తికి తెలియవు. తెలుసుకోనని అతను ముందే చెప్పాడు. అతని డైరీలో వాళ్లు మూడు అంకెలు, అంతే.

అలా చెప్పడానికి అతని దగ్గర కారణం ఉంది. పంతొమ్మిదేళ్ల కిందట నగరానికి దూరంగా ఒక స్టేషన్‌లో పనిచేస్తుండగా, లారీ దొంగతనం కేసులో దుర్గయ్య అనే డ్రైవరును పట్టుకొచ్చారు. అతని జేబులో ఆసుపత్రి చీటీ దొరికింది. పంచనామా రాసే రైటరుకు వినపడాలని మూర్తి పేరూ, రోగమూ గట్టిగా చదివాడు. గదిలో ఐదుగురున్నారు. లారీ దొంగ దుర్గయ్య కాదని మూడో రోజే తేలింది. అప్పటికి ఇంటి యజమాని అతని సామాను వీధిలో పెట్టాడు. మూర్తి మూడు నెలలు వెతికాడు. ఆ మనిషి ఎక్కడున్నాడో ఈనాటికీ తెలియదు.

సుగుణమ్మ వెళ్లగానే మూర్తి గడియారం చూశాడు. బుధవారం, పదకొండూ ఇరవై. మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

లోపలికి వచ్చినవాడు ఇన్‌స్పెక్టర్ ప్రేమ్‌రాజ్. పద్నాలుగేళ్ల కిందట మూర్తి దగ్గరే సబ్ ఇన్‌స్పెక్టరుగా పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఈ ప్రాంతపు స్టేషన్ అతనిదే.

"నమస్తే సార్. రిజిస్టర్ తీస్కపోనీకి వచ్చిన."

"కూర్చో ప్రేమ్‌రాజ్. రిజిస్టరు దేనికి?"

"నలుగురికి ఫోన్లు పోయినయి. వాళ్లెవరో నాకు చెప్పరు. ఎవరో తెల్వకుంట కేసు ఎట్ల రాయాలె సార్? పుస్తకంల ఉన్నోళ్లందరిని పిలుస్త. ఒక్కొక్కరిని అడుగుత. రెండు రోజుల పని."

"ఎక్కడికి పిలుస్తావు?"

"స్టేషన్‌కి."

"ఎవరితో కబురు పంపుతావు?"

"కానిస్టేబుల్ తోని. ఇంకెవరితోని పంపుత?"

"కానిస్టేబుల్ గల్లీలోకి వెళ్లి తలుపు కొడతాడు. పక్కింటివాళ్లు ఏమైందని అడుగుతారు. ఫోను చేసినవాడు బెదిరించి ఊరుకున్నాడు. నువ్వు ఆ బెదిరింపును నిజం చేసి పెడతావు."

ప్రేమ్‌రాజ్ మొహం ఎర్రబడింది. గది మూలన ఇనుప బీరువా, దాని పక్కన నిలబడ్డ నలభై ఏళ్ల అమల, ఆమె మెడలో నల్లదారానికి వేలాడుతున్న తాళంచెవి. అతని చూపు అక్కడే ఆగింది. ఈ కేంద్రంలో పరీక్ష చేయించుకున్నవాళ్లతో మాట్లాడేదీ, పేరు రాసేదీ, మాత్రలకు పంపేదీ కౌన్సెలరు అమలే.

"బీరువాకు ఒక్కటే తాళంచెవి. అది ఈ మేడం మెడల ఉన్నది. తాళం ఎవరి చేతిల ఉంటే వాళ్లనే ముందుగాల అడగమని మీరే నేర్పిండ్రు."

"అడగమన్నాను. ఎత్తుకుపొమ్మనలేదు. అడుగు, ఇక్కడే ఉంది కదా."

ప్రేమ్‌రాజ్ అమల వైపు తిరిగాడు. "అసలు పేర్లెందుకు రాసుడు మేడం? నంబరేసి పెడితే ఈ లొల్లే ఉండకపోవు."

అమల జంకలేదు. "నేను కొత్తగ ఉద్యోగంల చేరినప్పుడు నంబర్లే ఉండె సార్. ఒకే మనిషి మూడు దిక్కుల టెస్ట్ చేయించుకుంటే ముగ్గురని రాస్తుండె. అది పోనియ్యిండ్రి. గోళీలకు రాకుంట ఆగిపోయినోళ్లను యాడ దేవులాడాలె? నలభై మూడో నంబరు ఏ గల్లీల ఉంటదో ఎవ్వరికెర్క? నలుగురు మా కండ్ల ముందటనే గట్ల పోయిండ్రు. ఇప్పుడు పేరున్నది, ఫోను నంబరున్నది. ఒక్క వారం రాకపోతే నేనే చేస్త. 'అక్కా, చీరకు ఫాల్ కుట్టుడైందా' అని అడుగుత. ఇంట్ల ఎవరు విన్నా ఫికర్ లేదు. ఆమెకు సమజైతది, తెల్లారి వస్తది."

"మరి గా పేర్లు బయటికెట్ల పోయినయి?"

"అదే నాకు సమజైతలేదు సార్. రెండు రాత్రులాయె నిద్రలేక."

"మూడు గంటలకు కోర్టు ఆర్డర్ చేతికొస్తది" అన్నాడు ప్రేమ్‌రాజ్, మూర్తి వైపు చూసి. "అది తీస్కొని వస్త. గప్పుడు రిజిస్టర్ తోని పాటు ఈ మేడంను గూడ తీస్కపోత. మీరు అడ్డం పడొద్దు సార్. మీ మీద ఇజ్జత్ ఉండి చెప్తున్న."

"మూడింటి దాకా టైమిచ్చావు. చాలు."

బూట్ల చప్పుడు కిందికి దిగిపోయింది. మూర్తి తలుపు దగ్గరికి వేశాడు.

"అమలగారూ, సుగుణమ్మ పేరు ఎన్ని చోట్ల ఉంటుంది?"

"మూడు చోట్ల సార్. నేను తెలుగుల రాసే రిజిస్టర్ ఒకటి. నెలకోసారి శ్రవణ్‌కుమార్ దాన్ని చూసి ఇంగ్లీషుల టైప్ చేసి కంప్యూటర్ల జిల్లా ఆఫీసుకు పంపుతడు. ఒక ప్రింట్ తీసి బీరువల పెడుతం."

"పోయిన నెలది ఎప్పుడు పంపారు?"

"మొన్న శనివారం. ఎనిమిదో తారీకు. పదకొండు పేర్లు, వాళ్ల ఫోను నంబర్లు."

"మూడు చోట్లా సుగుణమ్మ వరస ఒక్కటే నాకు చూపించాలి. ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంది. మిగిలినవేవీ నా కంట పడకూడదు. కుదురుతుందా?"

అమల సొరుగులోంచి ఒక అట్టముక్క తీసింది. మందుల డబ్బా అట్ట. మధ్యలో ఒక వరస కనపడేంత సందు బ్లేడుతో కోసి ఉంది. తనిఖీకి వచ్చేవాళ్ల కోసం ఆమె చేసి పెట్టుకున్నదది. రిజిస్టరు మీద పెట్టి జరిపింది. సందులో గుండ్రటి తెలుగు అక్షరాలు: సుగుణమ్మ. మూర్తి తల ఊపాడు. కంప్యూటరు తెర మీద పెట్టింది. అక్కడా ఇంగ్లీషులో సరిగ్గానే ఉంది. పంపిన సమయం శనివారం సాయంత్రం ఐదూ పది.

"ఇప్పుడు ప్రింటు."

బీరువా తెరిచి కవరు తీసి కాగితం మీద అట్ట పెట్టింది. మూర్తి కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. ఎస్ పక్కన యు ఉండాల్సిన చోట ఎ ఉంది.

"సగుణమ్మ" అని చదివింది అమల. "వాడు పిలిచిన పేరు ఇదే సార్."

"తెలుగు రిజిస్టరు చూసినవాడు ఇలా పిలవడు. జిల్లా ఆఫీసులో చూసినవాడూ పిలవడు. వాడి చేతిలో ఉన్నది ఈ తప్పున్న కాగితమో, దీనికి నకలో. శ్రవణ్‌కుమార్‌ను పిలవండి."

ముప్పై అయిదేళ్ల శ్రవణ్‌కుమార్ చేతిలో టీ గ్లాసుతోనే వచ్చాడు. మూర్తిని చూసి గ్లాసు కిటికీలో పెట్టాడు.

"శనివారం ముందు ప్రింటు తీశారా, ముందు ఆన్‌లైన్‌లో పంపారా?"

"పంపినంకనే ప్రింట్ తీసిన సార్."

"ఎక్కడ?"

"ఇగో, ఈ ప్రింటర్ల."

మూర్తి ప్రింటరు దగ్గరికి వెళ్లాడు. పైన వేలితో గీస్తే దుమ్ములో గీత పడింది. కాగితాల ట్రే లాగాడు. పై కాగితం మీద కూడా దుమ్ము పేరుకుంది. మూత ఎత్తాడు. లోపల అచ్చు వేసే డ్రమ్ము ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. అడుగున ఒక చీటీ అంటించి ఉంది: "డ్రమ్ము రిపేరుకు తీసుకెళ్లాము. 3వ తేదీ." కింద ఒక ఫోను నంబరు.

"మూడో తేదీ సోమవారం. ఎనిమిదో తేదీ శనివారం. డ్రమ్ము లేని ప్రింటరులో ఎలా తీశారు శ్రవణ్?"

అతను కిటికీ వైపు చూశాడు. అమల వైపు చూశాడు. చివరికి స్టూలు మీద కూలబడ్డాడు.

"కింద జిరాక్స్ షాపుల తీసిన సార్."

"ఎలా? ప్రభుత్వ కంప్యూటర్లు పెన్‌డ్రైవు తీసుకోవు కదా."

"వాట్సాప్‌ల పంపిన. నాలుగూ ఇరవైకి. షాపు నంబర్‌కు. ప్రింట్ తీస్కొని పైకొచ్చినంక స్పెల్లింగ్ తప్పు కనవడ్డది. కంప్యూటర్ల సరి చేసి పంపిన. మళ్ల షాపుకు పోవుడెందుకని పాత కాగితమే కవర్ల పెట్టిన. గింత దూరం పోతదనుకోలే సార్. నా పిల్లల మీద ఒట్టు, ఎవ్వరికి ఇయ్యలే."

అమల కవరు మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేసింది. అది అతనికి తిట్టు కంటే ఎక్కువ తగిలినట్టుంది, మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"డ్రమ్ము తీసుకెళ్లింది ఎవరు?" అన్నాడు మూర్తి.

"కంపెనీ మనిషి సార్. సర్వీసుకొచ్చినం అన్నడు."

"ప్రింటరు పాడైందని మీరు ఫిర్యాదు చేశారా?"

శ్రవణ్ తలెత్తాడు. "లేదు. బాగానే ఉండె. వాడే మూత తీసి చూసి, డ్రమ్ పోయింది అన్నడు."

మూర్తి సర్వీసు కంపెనీకి ఫోను చేశాడు. నాలుగు నిమిషాల తర్వాత పెట్టేశాడు. మూడో తేదీన వాళ్లు ఇక్కడికి ఎవరినీ పంపలేదు. ఆ చీటీ మీది నంబరు వాళ్లది కాదు.

"ప్రింటరును పనిగట్టుకుని ఆపారు" అన్నాడు అమలతో. "ఇక్కడ ఆగితే కాగితం కిందికి దిగుతుందని వాడికి ముందే తెలుసు."

ఒంటిగంటా పది. జిరాక్స్ షాపు యజమాని వెంకటనారాయణ పెళ్లిపత్రికల కట్టలు పేర్చుకుంటున్నాడు. డెబ్భై ఏళ్లు దాటిన వ్యాపారి. తాతల నాటి నుంచి ఆ గల్లీలో వాళ్లది కాగితం వ్యాపారమే. మూర్తి ఉత్తర్వు చూపగానే కుర్చీ దులిపి వేశాడు.

"బైటో సాబ్. నా దుకాణంల తప్పు పని అయితే నేనే చెప్త. ఏం గావాలె?"

"శనివారం నాలుగూ ఇరవైకి మీ వాట్సాప్‌కు ఒక ఫైలు వచ్చింది. దాన్ని తెరవకండి. తర్వాత అది ఇంకెక్కడికైనా వెళ్లిందా?"

ముసలాయన ఫోను తెచ్చి మూర్తి చేతికే ఇచ్చాడు. "నాకు అక్షరాలే కనవడవు సాబ్. మీరే చూడుండ్రి."

మూర్తి ఫైలు మీద వేలు పెట్టకుండా వాట్సాప్ చాట్ల వరస పైకి జరిపాడు. శనివారం నాలుగూ ముప్పై ఒకటికి అదే ఫైలు ఇంకో నంబరుకు వెళ్లింది. జేబులోంచి ప్రింటరు చీటీ తీసి పక్కన పెట్టాడు. అంకె అంకె సరిపోయింది.

"ఈ వాట్సాప్ తెరిచి ఉండే మీ కంప్యూటరు ముందు ఆ టైములో ఎవరున్నారు?"

"నిఖిలేష్. మిషన్లు బాగ చేస్తడు. వారానికి రెండు రోజులొచ్చి సాఫ్ చేస్తడు. సైదాబాద్‌ల ఉంటడు." వెంకటనారాయణ బల్ల కింద నుంచి కరపత్రాల కట్ట ఒకటి లాగాడు. "ఇవి గూడ వానివే. మూలికల పొడి అంట. ఇక్కడనే ఛాపుకుంటడు. నేను రోగాల ముచ్చట కదా అని చదవలే."

కరపత్రం కింద సైదాబాద్ చిరునామా ఉంది. మూర్తి ఫోను ఆపేసి కవరులో పెట్టి, అంటించి, ముసలాయన చేత అడ్డంగా సంతకం పెట్టించాడు.

"సాబ్" అన్నాడు వెంకటనారాయణ, గొంతు తగ్గించి. "ఆ కాగితంల మా గల్లీ ఆడోళ్లున్నరా?"

"నాకు తెలియదు. నేను చూడలేదు."

ముసలాయన కరపత్రాల కట్టను పక్కకు నెట్టి, "మంచిగ చేసిండ్రు" అన్నాడు.

రెండూ ఐదుకు మూర్తి పైకొచ్చేసరికి అమల బీరువా ముందే కూర్చుని ఉంది. అతను జరిగింది చెప్పాడు.

"కాగితం మీద పదకొండు మంది. నలుగురికి ఫోన్లు వెళ్లాయి. ఇంకా ఏడుగురున్నారు. వాడి కంటే ముందు మీరు చేయాలి."

అమల అప్పటికే లేచింది. రిజిస్టరు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మూర్తి బయట బెంచీ మీద కూర్చున్నాడు. మాటలు వినపడలేదు, ఒకసారి మాత్రం ఆమె నవ్వు వినపడింది. శ్రవణ్‌కుమార్ పక్కన కూర్చుని తన తప్పు కాగితం మీద రాస్తున్నాడు. మూర్తి అడగకముందే మొదలుపెట్టాడు.

"నా ఉద్యోగం పోతదా సార్?"

"అది నా చేతిలో లేదు. కానీ ఇది మీ అంతట మీరు రాశారని నేనూ రాస్తాను."

రెండున్నరకు అమల తలుపు ఓరగా తీసింది. "మానేసిన ఇద్దరికి గూడ చేసిన సార్. ఒకాయన సాయంత్రమే వస్తనన్నడు. ఇంకొకామె ఏడ్చింది, రేపు పొద్దుగాల వస్తనన్నది. కొత్తోళ్లల ఐదుగురికి చెప్పిన. ఎవ్వరు ఆపరు. ఫోనొస్తే నంబరు రాసుకొని నాకిస్తమన్నరు. ఇంక ఇద్దరు." తలుపు మళ్లీ మూసుకుంది.

ప్రేమ్‌రాజ్ మూడింటికి పది నిమిషాల ముందే వచ్చాడు. చేతిలో మడత పెట్టిన కోర్టు కాగితం.

"ఆర్డర్ వచ్చింది సార్."

మూర్తి బల్ల మీద ఒక్కొక్కటీ పెట్టాడు. సుగుణమ్మ వాంగ్మూలం. ప్రింటరు చీటీ. కరపత్రం. కవరులో ఫోను. శ్రవణ్‌కుమార్ రాసిచ్చిన కాగితం.

"ఇదీ నీ కేసు. మనిషి, చిరునామా, ఫైలు వెళ్లిన నిమిషం అన్నీ ఉన్నాయి. బాధితుల పేర్లలో ఒక్కటే ఉంది, అది ఆమె ఇష్టపడి ఇచ్చింది. రిజిస్టరు నేను తెరవలేదు."

ప్రేమ్‌రాజ్ నిలబడే చదివాడు. సగుణమ్మ అన్న మాట దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. "ఒక్క అక్షరం తోని పట్టిండ్రు" అన్నాడు. అతని గొంతులో పోటీ పూర్తిగా పోలేదు. "నేనైతే మేడంను లోపలేస్తుంటి."

లోపలి తలుపు విసురుగా తెరుచుకుంది. అమల చేతిలో ఫోను ఉంది, దాని మీద అరచెయ్యి మూసి పట్టుకుంది.

"పదకొండో ఆమె సార్, ఆఖరామె. ఆమెకు పొద్దుగాలనే ఫోనొచ్చిందంట. ఇప్పుడు గా సైదాబాద్ ఇంట్లనే ఉన్నది. గోళీల డబ్బా తమకు ఇచ్చెయ్యమంటున్నరంట." ఆమె ఊపిరి తీసుకుంది. "ఏడో నెల సార్. ఆమె గోళీలు ఆపితే కడుపుల బిడ్డకు అంటుకోవచ్చు. ఆపకపోతే బిడ్డ మంచిగనే పుట్టొచ్చు. గా మాట ఆమెకు నేనే చెప్పిన, పదిసార్లు చెప్పిన."

ప్రేమ్‌రాజ్ కోర్టు కాగితం జేబులో దోపుకున్నాడు. "జీపు కిందనే ఉన్నది. రాండ్రి సార్."

మెట్లు దిగుతూనే అడిగాడు, "ఎవరని దేవులాడాలె? పేరన్న చెప్పుండ్రి మేడం."

పై నుంచి అమల ఫోనులో ఏదో అడిగి, వంగి చెప్పింది. "పేరు నేను చెప్పను సార్. తానే బయటికొస్తనంటున్నది."

ప్రేమ్‌రాజ్ పళ్లు బిగించి జీపు ఎక్కాడు.

మూడూ ఇరవైకి జీపు సైదాబాద్‌లో ఆ ఇంటి వీధి మలుపులో ఆగింది. ఇద్దరు కానిస్టేబుళ్లు వెనక సందులోకి వెళ్లారు. ముందు గేటు పక్కన అరుగు మీద ఒక గర్భిణి కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయి. మందుల డబ్బా రెండు చేతులతో ఒళ్లో పట్టుకుంది. జీపు చూసి లేవబోతే మూర్తి వద్దని సైగ చేశాడు.

"డబ్బా ఇయ్యలేదు" అంది ఆమె మొదటి మాటగా. "లోపలికి పోయినంక, నా పేరు మీకు ఎర్కనే గద, మీ పేరు చెప్పుండ్రి అని అడిగిన. చెప్పలే. పేరు గూడ చెప్పనోని మాట మీద నా బిడ్డను పెట్టాల్నా అనిపించింది. గప్పుడే అమలక్క ఫోన్ వచ్చింది. ఇంటి నుంచి ఫోన్ అని చెప్పి బయటికొచ్చిన."

వెనక సందులో కేక, ఏదో పడిన చప్పుడు. కానిస్టేబుళ్లు ఒక మనిషిని రెక్కలు పట్టి తెచ్చారు. ముప్పై ఏళ్లవాడు, వేళ్ల సందుల్లో ప్రింటరు సిరా. నిఖిలేష్. తల ఎత్తలేదు, పేరు అడిగితే చెప్పలేదు.

ప్రేమ్‌రాజ్ నోటుబుక్ తీశాడు. పెన్ను మూత తీసి, రాయబోయి ఆగాడు.

"అమ్మా, మీ పేరు రాయాల్నా? నంబరేసుకున్నా నడుస్తది. చట్టంల గట్లనే ఉన్నది."

మూర్తి అతని వైపు చూశాడు. ప్రేమ్‌రాజ్ చూపు నోటుబుక్ మీదే ఉంది.

ఆమె డబ్బా ఒళ్లో సర్దుకుంది. "పేరే రాయిండ్రి సార్. స్రవ్య. మా ఆయనకు అంతా ఎర్కనే, ఆయన కంచన్‌బాగ్‌ల డ్యూటీల ఉన్నడు. సాక్ష్యం గూడ చెప్త. కని రెండు ముచ్చట్లు చెప్పాలె."

"చెప్పుండ్రి."

"లోపల ఈయన నా కాగితం కోసం సొరుగు దేవులాడిండు. ఒక్క కాగితం కాదు సార్. ఇంత మందం కట్ట. ఒక్కో దాని మీద ఒక్కో దవాఖాన పేరు రాసున్నది."

ప్రేమ్‌రాజ్ పెన్ను ఆగిపోయింది. "రెండోది?"

స్రవ్య నిఖిలేష్ వైపు వేలు చూపింది. "పొద్దుగాల నాకు ఫోన్ చేసింది ఈయన కాదు. ఈయన గొంతు సన్నగున్నది. గా మాట్లాడినాయనది పెద్దాయన గొంతు, మస్తు నిమ్మళంగ మాట్లాడిండు. డాక్టర్ లెక్క."

నిఖిలేష్ మొదటిసారి తలెత్తాడు. ఆ కళ్లలో ఉన్నది దొరికిపోయిన భయం కాదు. ఇంకెవరికో భయపడుతున్న మనిషి చూపు.

లోపల గదిలో సొరుగు సగం తెరిచే ఉంది. వేరే కేంద్రాలవి ఐదు కవర్లు, రబ్బరు బ్యాండుతో కట్టి ఉన్నాయి. బ్యాండు కింద ఐదు ప్రింటరు చీటీలు, ఒక్కొక్కటి ఒక్కో కేంద్రంలో వదిలినదానికి నకలు. కవర్లలో రెండు ఖాళీవి. ఆ రెంటిలోని కాగితాలు ఈ ఇంట్లో లేవు, ఆ ఫోను చేసిన పెద్దాయన దగ్గరే ఉండాలి.

మూర్తి చెయ్యి చాచలేదు. ప్రేమ్‌రాజ్ చేతికి రుమాలు చుట్టుకుని కట్ట ఎత్తాడు, బోర్లా తిప్పి, పెద్ద కవరులో పడేసి మూతి అంటించాడు. ఒక్క కాగితం మడత కూడా విప్పలేదు.

"ఇది నేను తెరవ సార్" అన్నాడు. "కవర్ల మీద దవాఖానల పేర్లు చాలు. అమల మేడంను పిలిపిస్త. ఐదు దవాఖానల కౌన్సెలర్లను ఆమెనే మాట్లాడుమంట. వాళ్ల రిజిస్టర్లు వాళ్ల దగ్గరనే ఉంటయి, ఫోన్లు వాళ్లే చేస్తరు. ఖాళీ కవర్ల రెండు దవాఖానల నుంచి మొదలువెడదాం."

"ఆ పెద్దాయన కూడా ఇప్పుడే మొదలుపెడతాడు" అన్నాడు మూర్తి. "నిఖిలేష్ దొరికాడని తెలిసిన నిమిషం నుంచి."

"తెల్వనీయండ్రి. వాని దగ్గర ఒక్క ఫోనున్నది. మన దగ్గర ఐదుగురు అక్కలున్నరు."

ప్రేమ్‌రాజ్ తన ఫోను తీసి అమల నంబరు నొక్కాడు. బయట అరుగు మీద స్రవ్య భర్తతో మాట్లాడుతోంది, తాను బాగానే ఉన్నాననీ, డబ్బా తన దగ్గరే ఉందనీ చెబుతోంది. నాలుగు కావడానికి పది నిమిషాలుంది. ఐదు కేంద్రాల్లో మొదటి కేంద్రం నుంచి మొదటి ఫోను నాలుగూ నాలుగుకు వెళ్లింది. అవతల ఎత్తినావిడ, తనకింకా అలాంటి బెదిరింపు ఫోనేదీ రాలేదని చెప్పింది.